అడుగులు లెక్కపెట్టే యంత్రం

కారు దేన్నైనా గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగ్ రెప్పపాటులో విచ్చుకోవాలి. గుద్దుకున్న సంగతి దానికి తెలియాలంటే, వేగం ఒక్కసారిగా పడిపోవడాన్ని పసిగట్టే భాగం ఒకటి ఉండాలి. అమెరికాలోని అనలాగ్ డివైసెస్ కంపెనీ 1990ల తొలినాళ్లలో ఆ పని కోసమే ఒక చిన్న సిలికాన్ చిప్‌ను తయారుచేసింది. ఈవేళ మణికట్టు మీది ఫిట్‌నెస్ బ్యాండులో అడుగులు లెక్కపెట్టేది ఆ వంశంలో పుట్టిన చిప్పే. దాన్ని యాక్సిలరోమీటర్ అంటారు.

దాని లోపల కంటికి ఆననంత చిన్న దిమ్మ ఒకటి సన్నని సిలికాన్ స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది. దిమ్మ అంచులకు దువ్వెన పళ్లలాంటి పళ్లు. వాటి సందుల్లోకి చొచ్చుకొని, కదలకుండా బిగించిన మరో వరస పళ్లు. చెయ్యి కదలగానే దిమ్మ కాస్త వెనకబడుతుంది, పళ్ల మధ్య ఎడం మారుతుంది, ఎడంతో పాటు అక్కడి విద్యుదావేశమూ మారుతుంది. ఆ మార్పును బ్యాండు సెకనుకు పదుల సార్లు చదువుతుంది. మామూలుగా నడిచే మనిషి సెకనుకు దాదాపు రెండు అడుగులు వేస్తాడు. ఆ లయలో ఎగుడుదిగుళ్లు వరసగా కనిపిస్తే, ఇది నడకే అని ప్రోగ్రాము తేల్చుకుని లెక్క మొదలుపెడుతుంది.

అంటే యంత్రానికి కాళ్లు కనపడవు. దానికి తెలిసిందల్లా ఊగే చెయ్యి. కొనాలా వద్దా అన్న ప్రశ్నకు సగం జవాబు ఈ ఒక్క సంగతిలోనే ఉంది. పార్కులో చేతులు ఊపుకుంటూ నడిచేవాళ్ల అడుగులను అది చక్కగా లెక్కపెడుతుంది. తోపుడు బండి మీద కూరగాయలు పెట్టుకుని వీధులన్నీ తిరిగే మనిషికి రెండు చేతులూ బండి మీదే ఉంటాయి. ఆయన నడకలో చాలా భాగం లెక్కకు రాదు. పొయ్యి దగ్గర్నుంచి సింకు దగ్గరికి, అక్కణ్ణుంచి ఫ్రిజ్ దగ్గరికి నాలుగేసి అడుగులు వేస్తూ పొద్దంతా తిరిగే ఇల్లాలికీ అన్యాయమే జరుగుతుంది. వరసగా కొన్ని అడుగులు పడితే తప్ప చాలా బ్యాండులు దాన్ని నడకగా ఒప్పుకోవు మరి. వరినాట్లు వేసే కూలీ బురదలో నడుం వంచి వెనక్కి వెనక్కి జరుగుతుంది. అంతకు మించిన శ్రమ ఏముంటుంది? కానీ యంత్రం వెతికే లయ అందులో లేదు. మరోపక్క గతుకుల రోడ్డు మీద స్కూటర్ నడిపితే కొన్ని బ్యాండులు వెయ్యని అడుగులు కూడా కలిపేస్తాయి. ముసలివాళ్ల నిదానపు నడక, చేతికర్ర నడక తక్కువగా నమోదవుతాయి. ఎక్కువగా కుర్చీలో కూర్చుని పనిచేస్తూ, విడిగా వాకింగ్‌కు వెళ్లేవాళ్ల కోసం తయారైన యంత్రం ఇది. ఒళ్లు వంచి పనిచేసేవాళ్ల కష్టం దానికి అందదు. ఎవరికైనా బహుమతిగా కొనిచ్చే ముందు ఈ సంగతి ఆలోచించాలి.

అసలు అడుగులు లెక్కపెట్టడమన్నది ఆరోగ్యం కోసం మొదలైన పని కాదు. దారిని కొలవడానికి మొదలైంది. ఆ చరిత్రలో నాకు అందరికన్నా ఇష్టమైనవాడు కుమావూఁ కొండల్లోని మిలం గ్రామానికి చెందిన బడిపంతులు నైన్ సింగ్ రావత్. 1860ల్లో టిబెట్‌లోకి తెల్లవాళ్లకు ప్రవేశం లేదు. సర్వే శాఖలోని కెప్టెన్ మాంట్‌గొమరీ కొండప్రాంతపు మనుషులను ఎంచుకుని, డెహ్రాడూన్‌లో శిక్షణ ఇప్పించి, యాత్రికుల వేషంలో పంపించాడు. ఎత్తు ఎక్కినా పల్లం దిగినా ఒకే కొలతలో, మైలుకు 2,000 చొప్పున అడుగులు వేయడం నైన్ సింగ్ అభ్యాసం చేశాడు. జపమాలలో ఉండాల్సిన 108 పూసలకు బదులు 100 పూసలు పెట్టుకున్నాడు. వంద అడుగులకు ఒక పూస. మాల ఒకసారి తిరిగితే పదివేల అడుగులు, అంటే అయిదు మైళ్లు. రాసుకున్న కాగితాలు ప్రార్థనా చక్రంలో దాచేవాడు. 1866 జనవరిలో లాసా చేరాడు. ఆ నగరం భూమి మీద సరిగ్గా ఎక్కడుందో ప్రపంచానికి తెలియడంలో ఆయన కాళ్ల పాత్ర చాలా పెద్దది. 1877లో లండన్ రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. ఆయన లెక్కకు విలువ వచ్చింది ప్రతి అడుగునూ ఒకే కొలతలో వేయడం వల్ల. మన బ్యాండుకు ఆ భాగ్యం లేదు, అది మనం ఎలా వేస్తే అలా తీసుకోవాల్సిందే.

యంత్రాల సంగతికొస్తే, స్విట్జర్లాండ్‌లో గడియారాలు చేసే అబ్రహాం లూయీ పెరెలే 1780లో నడకను కొలిచే పరికరం చేశాడు. నడకకు ఊగే బరువుతో తనంతట తానే కీ ఇచ్చుకునే గడియారాన్ని తయారుచేసినవాడూ ఆయనే. థామస్ జెఫర్సన్ పారిస్‌లో రాయబారిగా ఉన్నప్పుడు, 1788లో, మిత్రుడు జేమ్స్ మాడిసన్‌కు ఇలాంటిదొకటి పంపాడు. జేబుకు అడుగున చిల్లు చేసి, అందులోంచి పట్టీని కిందికి దింపి, మోకాలి దగ్గర తగిలించుకోవాలని వివరంగా రాశాడు. కాలు చాచినప్పుడల్లా పట్టీ లాగుతుంది, ముల్లు ఒక గీత జరుగుతుంది. ఎంత అవస్థగా అనిపించినా, అది కాలినే లెక్కపెట్టింది.

దారిని కొలిచే ఈ పరికరం మనిషిని కొలవడానికి తిరిగింది జపాన్‌లో. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో జనానికి వ్యాయామం మీద ఆసక్తి పెరిగింది. మరుసటి ఏడాది యమసా తోకెయ్ అనే కంపెనీ నడుముకు తగిలించుకునే మీటరును మార్కెట్లోకి తెచ్చి 'మంపొకెయ్' అని పేరు పెట్టింది. పదివేల అడుగుల మీటరు అని దాని అర్థం. గుండ్రటి అంకె, నోట్లో తిరగడానికి సులువు. అరవై ఏళ్లు గడిచినా అదే అంకె చాలా బ్యాండుల్లో లక్ష్యంగా కూర్చుంది. ఇన్ని అడుగులు వేస్తే ఇంత ఆయుష్షు అని ఎవరో లెక్కగట్టి తేల్చిన అంకె కాదది. ఆ లెక్క చాలా ఆలస్యంగా వచ్చింది. హార్వర్డ్‌కు చెందిన ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది స్త్రీలను పరిశీలించి 2019లో ఫలితాలు ప్రకటించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్లతో పోలిస్తే 4,400 వేసేవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువ. ఆ లాభం 7,500 దాకా పెరిగి, ఆపైన పెద్దగా మారలేదు. పదివేలు పూర్తి కాలేదని రాత్రి పదింటికి హాల్లో పచార్లు చేసే పెద్దవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. అసలు కదలనివాళ్లు కాస్త కదలడంలోనే ఎక్కువ ఫలితం ఉంది.

2006లో నింటెండో కంపెనీ వీ అనే ఆటయంత్రం తెచ్చింది. చేతిలోని రిమోట్‌లో యాక్సిలరోమీటర్ ఉండడం వల్ల జనం సోఫాలోంచి లేచి ఆడారు. అది చూసి జేమ్స్ పార్క్, ఎరిక్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫిట్‌బిట్‌కు పునాది వేశారు. 2009 చివర్లో వాళ్ల తొలి ట్రాకరు, దుస్తులకు తగిలించుకునే క్లిప్పుగా, కొన్నవాళ్ల చేతికి అందింది. చైనాకు చెందిన షావోమీ 2014లో 79 యువాన్లకే బ్యాండు అమ్మడంతో ఈ వస్తువు సామాన్యుడి అందుబాటులోకి వచ్చింది. 2021లో ఫిట్‌బిట్ గూగుల్ చేతికి పోయింది.

బ్యాండు వెనక మెరిసే ఆకుపచ్చ దీపం నాడి కోసం. రక్తం ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి రక్తం ఎక్కువ వస్తుంది, వెనక్కి తిరిగివచ్చే కాంతి ఆ మేరకు తగ్గుతుంది. కాంతితో నాడిని పట్టే ఈ పద్ధతి మీద ఆల్‌రిక్ హెర్ట్జ్‌మన్ 1930ల్లోనే పనిచేశాడు. ఊరికే కూర్చున్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. బ్యాండు వదులుగా ఉన్నా, దాని కింద పచ్చబొట్టు ఉన్నా, చేతులు చల్లబడినా, డంబెల్స్ గట్టిగా బిగించి పట్టుకున్నా తడబడుతుంది.

ఇక కేలరీలు. అడగ్గానే నేను గట్టిగా చెప్పే మాట ఒకటే: ఈ అంకెను నమ్మకండి. మనిషి ఎంత శక్తి ఖర్చు చేశాడో సరిగ్గా తెలియాలంటే ముక్కుకూ నోటికీ మాస్క్ తగిలించి, పీల్చిన ఆక్సిజన్‌ను, వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను కొలవాలి. బ్యాండు దగ్గర ఉన్నది మనం టైప్ చేసిన వయసు, ఎత్తు, బరువు, తాను చూసిన చేతి ఊపు, నాడి. వాటి నుంచి ఒక సగటు మనిషి ఎంత ఖర్చు చేస్తాడో ఊహిస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో 60 మందితో ఏడు పరికరాలను పరీక్షించారు. నాడి విషయంలో ఏడింటిలో ఆరు 5 శాతం లోపు తేడాతో నెగ్గాయి. కేలరీల విషయంలో అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది, అధ్వాన్నమైనది 93 శాతం. వాచీ 400 కేలరీలు కరిగాయంది కదా అని రెండు మైసూర్‌పాక్‌లు తినేవాళ్లు నష్టపోయేది ఇక్కడే. నిద్రదీ కొంతవరకు ఇదే కథ. ఎన్ని గంటలు పడుకున్నారన్నది ఫరవాలేదు. గాఢనిద్ర ఎంత, కలల నిద్ర ఎంత అన్నది తలకు తీగలు తగిలించి మెదడు తరంగాలు చూస్తే తప్ప సరిగ్గా తేలదు.

మన దేశంలో పది కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని ఐసీఎంఆర్ వాళ్ల సర్వే 2023లో చెప్పింది. అందుకే ఇంకో హెచ్చరిక తప్పనిసరి. వేలు గుచ్చకుండానే షుగర్ చూపిస్తామంటూ చవక వాచీలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే గ్లూకోజ్ కొలిచే వాచీ దేనికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఆ అంకె చూసి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. గుండె లయ తప్పడాన్ని పసిగట్టడంలో మాత్రం మంచి వాచీలు కొంత నమ్మకం సంపాదించుకున్నాయి. నాలుగు లక్షల పైచిలుకు మందితో చేసిన ఆపిల్ హార్ట్ స్టడీలో హెచ్చరిక అందినవాళ్లు 0.52 శాతమే. ఆ తర్వాత ఈసీజీ ప్యాచ్ అంటించుకుని పరీక్షకు తిరిగి ఇచ్చినవాళ్లలో మూడోవంతు మందికి నిజంగానే లయ దోషం కనిపించింది. హెచ్చరిక వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి, రాకపోతే గుండె భేషుగ్గా ఉందని అర్థం కాదు.

ఇంతకీ ఇది పెట్టుకుంటే నడుస్తామా? 2007లో 26 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్షలో, నడుముకు మీటరు పెట్టుకున్నవాళ్లు రోజుకు రెండు వేలకు పైగా అడుగులు అదనంగా వేశారని తేలింది. లక్ష్యం పెట్టుకున్నవాళ్లలోనే ఆ మార్పు కనిపించింది. పిట్స్‌బర్గ్‌లో బరువు తగ్గాలనుకున్న 471 మంది యువతీయువకులపై రెండేళ్లు చేసిన ప్రయోగం ఫలితం 2016లో వచ్చింది. ట్రాకరు ఉన్నవాళ్లు 3.5 కిలోలు తగ్గితే, లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. అదే ఏడాది వెలువడిన, సింగపూర్ ఉద్యోగులు 800 మందిపై చేసిన అధ్యయనంలో, ఏడాది తిరిగేసరికి ట్రాకరు పెట్టుకునేవాళ్లు పదిమందిలో ఒక్కరు మిగిలారు. డబ్బు ఆశ చూపినన్నాళ్లు ఎక్కువ నడిచినవాళ్లు, అది ఆగగానే పాత నడకకు వచ్చేశారు. ఈ మూడూ కలిపి చదివితే నాకు అర్థమయ్యేదేమంటే, నడవాలని ముందే అనుకున్న మనిషికి అంకె తోడ్పడుతుంది. ఆ కోరిక పుట్టించడం దాని వల్ల కాదు.

కాబట్టి కొనే ముందు జేబులోని ఫోన్‌ను వాడండి. అందులోనూ యాక్సిలరోమీటర్ ఉంది. 2015లో పెన్సిల్వేనియా పరిశోధకులు ట్రెడ్‌మిల్ మీద పోల్చి చూసినప్పుడు, ఫోన్ యాప్‌లు అడుగుల లెక్కలో బ్యాండులకు ఏమాత్రం తీసిపోలేదు. రెండు మూడు వారాలు ఫోన్ జేబులోనే పెట్టుకుని తిరిగి, మీ రోజువారీ సగటు తెలుసుకోండి. దానికి వెయ్యో రెండు వేలో కలిపి అదే లక్ష్యం అనుకోండి. ఆ అంకె చూడాలన్న ఆసక్తి నెల తర్వాత కూడా మిగిలితే బ్యాండు కొనడంలో తప్పులేదు, రెండు వేల రూపాయలది చాలు. ఫోన్ చేతపట్టుకుని తిరగడం కుదరనివాళ్లకు, పరుగెత్తేవాళ్లకు, నిద్రలో నాడి ఎలా ఉంటోందో చూసుకోవాలనుకునేవాళ్లకు అది నిజంగా ఉపయోగం. నలభై వేల వాచీకి పెట్టే అదనపు డబ్బు లయ హెచ్చరిక, ఈసీజీ లాంటి వాటికి. మీ వయసుకూ ఆరోగ్యానికీ అవి అవసరమని డాక్టర్ అంటే సరే. అడుగుల కోసమైతే అంత పెట్టనక్కర్లేదు.

తెచ్చిన రోజే ఒక పరీక్ష పెట్టండి. పట్టీని మణికట్టు ఎముకకు ఒక వేలు పైన, బిగువుగా కట్టుకుని, నోటితో లెక్కపెట్టుకుంటూ 200 అడుగులు నడవండి. తర్వాత చేతిలో బరువైన సంచీతో మరో 200. మొదటి లెక్కలో పదో పరకో తేడా ఉంటే పట్టించుకోనక్కర్లేదు. యాభై దాటితే, షాపువాళ్లిచ్చిన వాపసు గడువు తీరకముందే తిరిగిచ్చేయండి.