హైచెయిర్ ఉందా అండీ?

రోలాలో కాపురం ఉండేవాళ్ళకి డిసెంబరు, జనవరి చుట్టాల నెలలు. ఇక్కడ ఎండ తగ్గుతుంది, అక్కడ క్రిస్మస్, సంక్రాంతి సెలవులు కలిసొస్తాయి. హైదరాబాదు నుంచి నాలుగు గంటల విమానం. దిగేవాళ్ళ చేతిలో జాబితా సిద్ధంగా ఉంటుంది: బుర్జ్ ఖలీఫా, ఎడారి సఫారీ, బంగారం కొట్లు, చివర్న "ఒక్క రాత్రి ఏదైనా పెద్ద రెస్టారెంట్లో డిన్నరు". ఆ చివరి కోరిక కోరేవాళ్ళ చంకలో రెండేళ్ళ పిల్లో పిల్లాడో ఉంటే మాత్రం, చోటు వెతికిపెట్టే మాకు చెమటలు పడతాయి.

రోలా తెలియనివాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. షార్జా నడిబొడ్డున ఉన్న పేట ఇది. ఇక్కడివాళ్ళు మర్రిచెట్టుని రోలా అంటారు. ఒకప్పుడు ఇక్కడ ఊరంతటికీ నీడనిచ్చే పెద్ద మర్రి ఉండేదట. ఈద్ పండగకి దాని కొమ్మలకి ఉయ్యాలలు కట్టేవాళ్ళట, పిల్లలందరూ అక్కడే. 1978లో ఆ చెట్టు పోయింది. ఇప్పుడు ఆ స్థలంలో పార్కు, పార్కు మధ్యలో చెట్టు ఆకారాన్ని తలపించే శిల్పం ఉన్నాయి. చుట్టూ మలయాళీల కెఫెటీరియాలు, పరోటా పెనాలు, చీరల దుకాణాలు, ఒకే గదిలో ఆరేడు మంచాలు వేసుకుని సర్దుకునే బెడ్‌స్పేస్ కుర్రాళ్ళు.

ఇక్కడి చిన్న హోటళ్ళలో రెండేళ్ళ పిల్లతో తినడానికి పెద్ద విద్యలేమీ అక్కర్లేదు. స్టీలు గ్లాసు కింద పడితే ఖంగుమంటుంది, అంతే. ఎవరూ తలెత్తి చూడరు. ఇడ్లీ ముందే వస్తుంది. పిల్ల ఏడిస్తే కౌంటర్లో ఉన్నాయన ఎత్తుకుని అక్వేరియంలో చేపల్ని చూపిస్తాడు. టేబుల్ మీదకి తెల్లగుడ్డా, కాడ ఉన్న గాజు గ్లాసులూ వచ్చినప్పుడే పేచీ అంతా.

మొన్నటి చలికాలం మా తమ్ముడూ మరదలూ విజయవాడ నుంచి వచ్చారు, రెండేళ్ళ రెండు నెలల మా మేనకోడలితో. వాళ్ళు విజయవాడలో ఉండగానే దుబాయ్‌లో ఒక రెస్టారెంటు బుక్ చేసుకున్నారు, పేరు అనవసరం. రాత్రి ఎనిమిదిన్నరకి టేబులు. షార్జా నుంచి దుబాయ్ వెళ్ళే దారిలో ఆ వేళ ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. చేరేసరికి పిల్ల నిద్ర ముంచుకొచ్చి, ఆకలి దాటిపోయి ఉంది. గుమ్మం దగ్గర అమ్మాయి పిల్లని చూసి, స్ట్రోలర్‌ని చూసి, మా వంక ఒక చిరునవ్వు నవ్వింది. మమ్మల్ని వంటగది తలుపు పక్కన కూర్చోబెట్టారు. "హైచెయిర్ ఉందా అండీ?" అంటే, ఉన్న ఒక్కటీ ఎవరికో ఇచ్చామన్నారు. మొదటి పళ్ళెం రావడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈలోపు పిల్ల చెంచాతో బల్లని వాయించింది, పక్క టేబులు జంట లేచి వేరే చోటికి మారింది, మా మరదలి ముఖం ఎర్రబడింది. ఫోను బయటికి వచ్చింది. బిల్లు ఆరువందల దిర్హాములు. ఎవరం ఏం తిన్నామో ఎవరికీ గుర్తులేదు.

కారులో మరదలు ఒకే మాట అంది: "మనం ఇలాంటిచోట్లకి పనికిరాం వదినా." ఆ "మనం" అన్న మాట నాకు చాలా రోజులు గుచ్చుకుంది. పిల్ల అల్లరి చేసిందని బాధపడటం వేరు. ఆ అల్లరి వల్ల మన స్థాయి బయటపడిపోయిందని కుంగిపోవడం వేరు. ఖరీదైన చోటికి వెళ్ళినప్పుడు మనలో సగంమంది పరీక్ష రాస్తున్నట్టు కూర్చుంటాం. ఫోర్కు ఏ చేత్తో పట్టుకున్నాం, నీళ్ళు మామూలువా సీసావా అన్నప్పుడు తడబడ్డామా అని. పెద్దవాళ్ళం ఎలాగో నెట్టుకొస్తాం. రెండేళ్ళ పిల్లకి ఆ పరీక్ష ఉందనే తెలియదు. మనం దాచుకున్న బెరుకంతా దాని అరుపులో బయటపడినట్టు అనిపిస్తుంది.

నిజానికి పిల్లల్ని రెస్టారెంట్లో ఏం చేయాలన్నది మనకే కాదు, అమెరికావాళ్ళకీ చాలాకాలం తెలియలేదు. ఒకప్పుడు అక్కడి పెద్ద హోటళ్ళు పిల్లల్ని భోజనాల హాల్లోకి రానిచ్చేవే కావు. 1920లో మద్యనిషేధం వచ్చి బార్ల ఆదాయం పడిపోయాక హోటళ్ళవాళ్ళు కొత్త బేరం కోసం వెతుక్కున్నారు. 1921లో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటలు పిల్లలకంటూ విడిగా మెనూ వేసింది. అంటే "కిడ్స్ మెనూ" అనేది పిల్లల మీద ప్రేమతో కన్నా బార్లు మూతబడ్డ నష్టం పూడ్చుకోవడానికి పుట్టిందన్నమాట.

ఇది చదివినప్పుడు నాకు మా షార్జా గుర్తొచ్చింది. యూఏఈలో మద్యం అమ్మకం పూర్తిగా లేని ఎమిరేటు ఇదొక్కటే. దుబాయ్ నుంచి వచ్చేవాళ్ళు దీన్ని చప్పటి ఊరంటారు. కానీ అల్ మజాజ్ దగ్గర నీటి ఒడ్డున ఏ సాయంత్రమైనా చూడండి. మద్యం లేదు కాబట్టి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కుటుంబాలే. అరబ్బు ఇళ్ళలో పిల్లలు రాత్రి పదింటిదాకా పెద్దవాళ్ళతోనే తిరుగుతారు, ఎవరికీ విడ్డూరం కాదు. పాత హోటళ్ళలో పరదాలు కట్టిన ఫ్యామిలీ గదులు ఇప్పటికీ కనిపిస్తాయి. మన ఊళ్ళలో "ఎ.సి. ఫ్యామిలీ రూము" బోర్డులు గుర్తున్నవాళ్ళకి ఇవి సొంత ఊరివాటిలాగే అనిపిస్తాయి.

అందుకని రెండో ప్రయత్నం షార్జాలోనే చేశాం. ఈసారి చోటు వెతికే పని నేను తీసుకున్నాను. పెద్ద హోటలే, తెల్లగుడ్డలే, కానీ వెళ్ళింది సాయంత్రం ఆరున్నరకి. ఇలాంటి రాకపోకలు ఇన్నేళ్ళుగా చూస్తూ నేను పోగుచేసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తాయని.

అన్నిటికన్నా వేళ ముఖ్యం. రెస్టారెంటు ఎంత గొప్పదైనా పిల్ల నిద్రవేళకి వెళితే అది నరకమే. ఇక్కడ హాళ్ళు నిండేది ఎనిమిదిన్నర తర్వాత. రాత్రి భోజనం మొదలుపెట్టే వేళకే వెళితే వంటగదికి ఒత్తిడి ఉండదు, వడ్డించేవాళ్ళకి తీరిక ఉంటుంది, మీ పక్కన లేచి వెళ్ళిపోవడానికి ఎవరూ ఉండరు. వీలుంటే మధ్యాహ్న భోజనానికే వెళ్ళండి. చాలాచోట్ల అదే వంట కొంచెం తక్కువ ధరకి దొరుకుతుంది.

బుక్ చేసేటప్పుడు ఫోను చేసి మూడు సంగతులు అడగండి: హైచెయిర్ ఉందా, స్ట్రోలర్ టేబుల్ దాకా వస్తుందా, పిల్లల వయసు మీద షరతులున్నాయా. వరసగా పది పన్నెండు వంటకాలు రెండు మూడు గంటలపాటు వడ్డించే చోట్లు కొన్ని చిన్నపిల్లల్ని రానివ్వవు. దానికి నొచ్చుకోనక్కర్లేదు, సినిమా హాల్లో పెద్దలకు మాత్రమే అన్నట్టు అదొక పద్ధతి. దుబాయ్‌లో అయితే బయటి అరుగుల మీద హుక్కా పొగ ఉంటుందా అన్నది నాలుగో ప్రశ్న.

కూర్చోగానే పిల్లకి కావలసింది ముందు చెప్పేయండి, మీ మెనూ తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ఈ దేశంలో మనకి కలిసొచ్చే సంగతి ఒకటుంది: అరబ్బు భోజనంలో ముందొచ్చేవన్నీ రెండేళ్ళ పిల్లకి అనువైనవే. షోర్బత్ అదస్ అనే ఎర్ర కందిపప్పు సూపు మన పప్పుకట్టుకి పినతల్లి కూతురు. వేడి రొట్టె, గడ్డపెరుగులాంటి లబ్నే, శనగల హమ్ముస్ నిమిషాల్లో వచ్చేస్తాయి. హమ్ముస్‌లో నువ్వుల ముద్ద ఉంటుంది, నువ్వులు పడని పిల్లలుంటే ముందే కనుక్కోండి. అన్నం మీద చల్లే బాదం, పిస్తా పలుకులు ఏరేయాలి. ఐదేళ్ళలోపు పిల్లలకి గింజలు గొంతుకి అడ్డంపడే ప్రమాదం ఉంది. ద్రాక్షపళ్ళు నిలువునా చీల్చి పెట్టాలి. ఏడాది నిండని పసివాళ్ళకి తేనె వేసిన మిఠాయి ముట్టించకూడదు.

పిల్ల ఏడిస్తే ఇద్దర్లో ఒకరు ఎత్తుకుని బయటికి నడవాలి. ఎవరు లేవాలన్నది ఇంట్లోనే వంతులు వేసుకోండి, లేకపోతే ఎప్పుడూ అమ్మే లేస్తుంది, అమ్మ పళ్ళెమే చల్లారిపోతుంది. మా తమ్ముడికి ఈ మాట అక్కగా నేనే చెప్పాను. ఆ రాత్రి వాడు రెండుసార్లు లేచాడు. పెళ్ళయ్యాక వేడివేడిగా పూర్తి భోజనం చేయడం ఇదేనని మరదలు నవ్వింది.

ఇక ఫోను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది పిల్లలకి తెర చూపించనేకూడదు. రెండేళ్ళు నిండాక కూడా రోజుకి గంటకి మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. తెలిసీ ఇస్తాం, ఇస్తున్నవాళ్ళని నేను తప్పుపట్టను. ఏమార్చి తినిపించడం మనకి కొత్తా ఏమన్నానా? చందమామని చూపించి గోరుముద్దలు పెట్టిన జాతి మనది. కాకపోతే చందమామని చూపించే అమ్మమ్మ కూడా ఆ ఆటలో ఉండేది. ముద్దముద్దకీ ముఖం చూసేది. ఫోను ఇచ్చినప్పుడు పిల్ల బల్ల దగ్గర ఉండి కూడా లేనట్టే. పక్కవాళ్ళకి కావలసింది కూడా అదే కాబట్టి ఎవరూ ఏమీ అనరు. రెండు చెంచాలు, ఒక కాగితం, నాలుగు రంగు క్రేయాన్లు సంచిలో వేసుకెళ్ళండి. పావుగంట గడుస్తుంది. ఆ పావుగంటలో సూపు వస్తుంది.

ఆ సాయంత్రం మాకు వడ్డించిన అబ్బాయికి మా మాటలు వినబడినట్టున్నాయి. రొట్టెల బుట్ట పెడుతూ, "అక్కా, మీరు తెలుగోళ్ళా? మాది జగిత్యాల దిక్కు" అన్నాడు. పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుని చేతిరుమాలుతో కుందేలు చేసి చూపించాడు. ఆ కుందేలు చెవులు ఊగుతుంటే పిల్ల పకపకా నవ్వింది. "భలే చేశావే" అంటే, "నా బిడ్డకు గూడ గిదే ఈడు అక్కా. వీడియోల చేసి చూపిస్త" అన్నాడు. పుట్టినంక ఒక్కపారి పోయి చూసొచ్చాడట, నెల్రోజులు.

ఇక్కడ ఉండేవాళ్ళకి ఈ లెక్క తెలుసు, వచ్చి వెళ్ళేవాళ్ళకి తెలియదు. ఈ దేశంలో భార్యాపిల్లల్ని వీసా మీద తెచ్చుకోవాలంటే నెలకి 4,000 దిర్హాముల జీతం ఉండాలి, లేదా 3,000 దిర్హాములూ కంపెనీ ఇచ్చే వసతీ ఉండాలి. వడ్డించేవాళ్ళలో, గిన్నెలు తోమేవాళ్ళలో, డెలివరీ బైకు నడిపేవాళ్ళలో ఎంతోమంది జీతం ఆ గీతకి కిందే ఆగిపోతుంది. గీత దాటినా అద్దె, స్కూలు ఫీజు చూసి ఊరుకునేవాళ్ళు ఇంకొందరు. సెలవు రోజు సాయంత్రం రోలా పార్కు చుట్టూ గడ్డి మీద కూర్చుని ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడేవాళ్ళలో సగంమంది తండ్రులే. అవతల తెరలో పిల్లలు అన్నం తింటూ ఉంటారు.

మనం ఆ పెద్ద హాల్లోకి పిల్లని ఎత్తుకుని వెళ్ళేటప్పుడు ఎవరేమనుకుంటారోనని బిగుసుకుపోతాం. మన ఆలోచనంతా పక్క టేబుళ్ళవాళ్ళ మీదే. పళ్ళెం పట్టుకుని నిలబడ్డవాళ్ళ వైపు చూడం. హాల్లో మన పిల్లని చూసి నిజంగా సంతోషించేవాళ్ళు చాలాసార్లు వాళ్ళే. పిల్ల కింద పోసిన అన్నం తుడవాల్సింది కూడా వాళ్ళే, అది మరిచిపోకూడదు. లేచే ముందు పెద్ద మెతుకులు మనమే ఏరి పళ్ళెంలో వేయడం నామోషీ కాదు. ఎంత ఖరీదైన చోటైనా సరే.

మరదలికి ఇదంతా ఉపన్యాసంలా చెప్పలేదు. ఆ అబ్బాయి మాట విన్నాక తనే పిల్లని అతని చేతికిచ్చి, "కిటికీ దాకా తీసుకెళ్ళు తమ్ముడూ, పడవలు చూపించు" అంది. పిల్ల అతని భుజం మీద నుంచి మాకు చేతులు ఊపింది. మా టేబులు మీద అయిదు నిమిషాలు పూర్తి నిశ్శబ్దం. పెద్ద రెస్టారెంట్లో అంత హాయిగా కూర్చోవడం మా తమ్ముడికి అదే మొదటిసారనుకుంటాను.

బిల్లులో సర్వీసు చార్జీ అని కనిపించినా అది ఎవరి జేబులోకి వెళుతుందో మనకి తెలియదు. ఇవ్వదలచుకున్నది నోటుగా చేతికే ఇవ్వండి. హోటలువాళ్ళు అభిప్రాయం రాయమని ఒక కాగితమో లింకో ఇస్తారు, సాధారణంగా మనం పట్టించుకోం. అందులో వంట గురించి రాసినా రాయకపోయినా, మీ పిల్లని నవ్వించిన మనిషి పేరు మాత్రం స్పష్టంగా రాయండి. అక్కడ పనిచేసేవాళ్ళకి ఆ ఒక్క పేరు వల్ల ఒరిగేది ఉంటుంది.