గుమ్మడికాయలో దీపం, చేతిలో పాల డబ్బా

అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరనుండి అక్టోబరు నెలాఖరున ఒక ఫోటో వస్తుంది. మనవడు దెయ్యం వేషం వేసుకొని, కళ్ళూ పళ్ళూ చెక్కిన గుమ్మడికాయ పక్కన నవ్వుతూ నిలబడి ఉంటాడు. ఇక్కడ ఊళ్ళో నాయనమ్మ గుండె గుభేలుమంటుంది. సండేస్కూలుకు వెళ్ళే పిల్లవాడికి ఈ వేషమేమిటని అడిగే పెద్దలు మన సంఘాలలో తక్కువేమీ లేరు.

ఆ పండుగ పేరు హాలోవీన్. నవంబరు 1 సకల పరిశుద్ధుల దినము. దాని ముందురాత్రి ఇది. (అదే అక్టోబరు 31 సంస్కరణ దినమని మన లూథరన్ పాఠకులకు చెప్పనక్కరలేదు.) ఐర్లండులో టర్నిప్ దుంపలు తొలిచి దీపం పెట్టేవారు. అమెరికా చేరాక వారికి గుమ్మడికాయ దొరికింది. అది పెద్దది, తొలచడమూ సులువు.

ఆకులు రాలే ఆ రోజుల్లో అక్కడి పిల్లలకు ఒకటే సందడి. స్నేహితులతో తోటకు వెళ్ళి ఆపిల్ పండ్లు స్వయంగా కోసుకుంటారు. మొక్కజొన్న చేలో కావాలనే వంకర దారులు తీసి ఉంచుతారు; పిల్లలు అందులో దూరి, దారి తప్పి, కేకలు వేసుకుంటూ బయటపడతారు. మన దగ్గర అలా ఆడితే చేనుగలాయన కర్ర పట్టుకొని వస్తాడు, అక్కడ టిక్కెట్టు కొని మరీ వెళ్తారు! తొలిచిన గుమ్మడికాయలోని గింజలనూ పారేయరు. కడిగి ఆరబెట్టి, నూనె, ఉప్పు పట్టించి వేయించుకుంటారు.

ఇక ఆ రాత్రి పిల్లలు గుంపులుగా ఇంటింటికీ వెళ్ళి చాక్లెట్లు అడుగుతారు. ఇది ఇష్టపడని కొన్ని సంఘాలు చర్చి ఆవరణలోనే కార్లు వరుసగా నిలిపి, డిక్కీలు అలంకరించి, అక్కడే పంచిపెడతాయి. చీకట్లో రోడ్లు దాటే భయముండదు, మంచిదే. కాని పొరుగువారి తలుపు తట్టే అవకాశం పోతుందే అని నాకనిపిస్తుంది.

ఆ తలుపు తట్టడాన్నే మరో పనికి వాడుకొన్న దంపతులున్నారు. ప్రెస్బిటేరియన్ పాస్టరు క్లైడ్ అల్లిసన్ గారు, ఆయన భార్య మేరీ ఎమ్మా గారు ఫిలడెల్ఫియా ప్రాంతంలో ఉండేవారు. 1950లో, యుద్ధం ముగిసిన ఐదేళ్ళకు, వారు పిల్లలచేత ఖాళీ పాల అట్టడబ్బాలు అలంకరింపజేసి హాలోవీన్ రాత్రి పంపారు. ఆపదలో ఉన్న పరదేశపు పిల్లల కోసం చిల్లర వేయండని వారు అడిగారు. పోగైనది 17 డాలర్లు. దాన్ని యునిసెఫ్‌కు పంపారు. ఆ అలవాటు దేశమంతా పాకి, పోగైన మొత్తం కాలక్రమంలో 10 కోట్ల డాలర్లు దాటింది.

తరువాతి యేళ్ళలో పాల డబ్బాకు బదులు నారింజరంగు అట్టపెట్టెలు వచ్చాయి. ఒక చేతిలో చాక్లెట్ల సంచి, మరో చేతిలో ఆ పెట్టె పట్టుకొని ఎందరో పిల్లలు వీధులు తిరిగారు.