అనటోలియా జంటపాటలు

టర్కీ దేశములో ఆసియా ఖండమునకు చేరిన విశాల భూభాగమును అనటోలియా అందురు. అచ్చటి పల్లెప్రజల పాటలకు 'తుర్కూ'లని పేరు. వానిలో స్త్రీపురుషులు ఒకరికొకరు బదులు చెప్పుకొనునట్టివి కొన్ని కలవు. ఒక చరణము అతనిది, మరుచరణము ఆమెది.

ఊరూర తిరుగుచు, తామే పాటలు కట్టి పాడు గాయకులను 'ఆషిక్'లందురు. అరబీ నుండి వచ్చిన ఈ పదమునకు ప్రేమించువాడని అర్థము. ఉర్దూ మాటలాడువారి నోట మనము వినునదియు ఈ పదమే. పాడువానికిని ప్రేమికునికిని ఒకటే పేరుండుట ఎంత ఉచితము! వీరి చేతి వాద్యము సాజ్. బేరిపండును నిలువుగా కోసినట్లుండు బొజ్జయు, పొడవైన మెడయు, మూడు వరుసల తీగెలును దానికుండును. 'నేనంటిని', 'ఆమె యనెను' అనుచు సంభాషణముగా సాగు పాటలు వీరికి పరిపాటి. పాడువాడొక్కడే యైనను వినువారికి ఇరువురు కనబడుదురు.

ఇట్టి గాయకులు తరతరములుగా చెప్పుచు వచ్చిన కథలలో కెరెమ్, అస్లీల కథ మిక్కిలి ప్రసిద్ధము. కెరెమ్ ముసల్మాను ప్రభువు కొడుకు. అస్లీ ఆర్మీనియను క్రైస్తవ మతాచార్యుని కూతురు. మతములు వేరగుటచే ఆ తండ్రి కూతును వెంటబెట్టుకొని రహస్యముగా ఊరు విడిచిపోయెను. కెరెమ్ భోగములన్నియు వదలి, సాజ్ చేతబట్టి, కొండలను, ఏరులను, ఆకాశమున పోవు క్రౌంచపక్షులను ఆమె జాడ యడుగుచు తిరిగెను. కథకుడు ఇంతవరకు వచనముగా చెప్పి, దుఃఖము పొంగినచోట పాట యెత్తుకొనును. తుదకు తండ్రి పెండ్లికి ఒప్పుకొనెను గాని, వధువునకు మంత్రించిన అంగీ తొడిగించెను. దాని గుండీలు విప్పినకొలది మరల పడుచుండెను. తాళలేక కెరెమ్ విడిచిన నిట్టూర్పు మంటయై అతనినే దహించెను. ఆ బూడిదను అస్లీ తన కురులతో ఊడ్చుచుండగా నిప్పురవ్వ అంటుకొని ఆమెయు భస్మమయ్యెను.

అన్ని పాటలలోని దుఃఖమును మరణమువలన కలుగునది కాదు. బ్రతుకుతెరువునకై పరదేశమున నుండుటను 'గుర్బెత్' అందురు. 1961లో జర్మనీతో ఒడంబడిక కుదిరిన పిదప లక్షలకొలది టర్కీ పనివారు అచ్చటి కర్మాగారములకు తరలిపోగా, వారి ఎడబాటును గూర్చియు పాటలు పుట్టెను.

1936లో హంగరీ సంగీతజ్ఞుడు బేలా బార్తోక్ అదానా ప్రాంతమునకు వచ్చి యంత్రముపై పల్లెపాటలు ముద్రించెను. పరాయి పురుషుల యెదుట పాడుటకు స్త్రీలు వెనుదీసినందున అతనికి దొరికినవి చాలవరకు మగవారి పాటలే. జంటపాటలో సగము పెరటిగోడల వెనుకనే నిలిచిపోయినదన్నమాట. 1940ల దశకమున ముజఫర్ సారీసోజెన్ నడిపిన అంకారా రేడియో బృందములో స్త్రీలును పురుషులును కలిసి తుర్కూలు పాడిరి. ఆ కంఠములు రెండును దేశమంతట వినవచ్చెను.