స్వలింగ వివాహ చర్చ – మత పెద్దల సమాధానము – సంఘ కాపరి బాధ్యత

ఉపోద్ఘాతము

2023 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము స్వలింగ వివాహములకు చట్టబద్ధత కోరుతూ దాఖలైన పిటిషన్లపై వాదనలు వినుట ప్రారంభించింది. అంతకు మూడు దినముల ముందు, ఏప్రిల్ 15న, మన తూర్పు తీరములో వేట నిషేధము మొదలైంది. నిజాంపట్నం హార్బరులో బోట్లు కట్టివేసి, మనుష్యులు వలలు బాగుచేసుకుంటూ తీరికగా ఉన్న కాలమది. పెండ్లిండ్ల కాలము కూడా అదే. టీవీలో వచ్చిన ఈ వార్త హార్బరులోనికి, అక్కడ నుండి మన గుడి అరుగు మీదికి రావడానికి ఎంతో సమయము పట్టలేదు. “అయ్యగారూ, ఇక మగవాళ్లకు మగవాళ్లను ఇచ్చి పెండ్లి చేయమంటారా మిమ్మల్ని?” అని విశ్వాసులు మమ్మును అడిగారు. కొందరు నవ్వుతూ అడిగారు, కొందరు భయముతో అడిగారు. ఒకరిద్దరు మాత్రము ఏమీ అడగకుండా విన్నారు. ఈ వ్యాసము ముఖ్యముగా ఆ ఏమీ అడగనివారిని మనస్సులో ఉంచుకొని వ్రాయుచున్నాము.

1. జరిగినదేమి?

మొదట సంగతులను ఉన్నవి ఉన్నట్లు తెలిసికొనుట మంచిది. ఈ కేసుకు పేరు తెచ్చిన పిటిషనుదారులు మన తెలుగు ప్రాంతములోనే, హైదరాబాదులో నివసించే సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ అనువారు. 2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో వారు తమ కుటుంబముల సమక్షములో ఒక వేడుక జరుపుకొన్నారు. దానికి చట్టరీత్యా విలువ లేదు గనుక 2022లో సుప్రీంకోర్టును ఆశ్రయించారు. మరి కొందరి పిటిషన్లు కూడా దీనితో కలిశాయి.

వారు కోరినది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము క్రింద నమోదు. ఏ మతము యొక్క వివాహ చట్టము జోలికీ పోమని ధర్మాసనము విచారణ ఆరంభములోనే స్పష్టము చేసింది. కాబట్టి 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టము క్రింద మనము జరిపించే పెండ్లిండ్ల ప్రస్తావన ఈ కేసులో లేదు. “మిమ్మల్ని చేయమంటారా?” అన్న ప్రశ్నకు “లేదు” అన్నదే జవాబు. ఈ ఒక్క మాట తెలిసియుంటే ఆ వేసవిలో మన సంఘములలో సగము భయము తగ్గియుండేది.

2023 అక్టోబరు 17న తీర్పు వచ్చింది. వివాహము చేసికొనుట రాజ్యాంగము ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులు ఏకీభవించారు. ఇట్టి జంటలకు వివాహము కాని మరియొక చట్టబద్ధ గుర్తింపునైనా ఇవ్వవలెనా అను విషయములో ముగ్గురు కాదన్నారు, ఇద్దరు అవునన్నారు. చట్టము చేయుట పార్లమెంటు పని అని కోర్టు విడిచిపెట్టింది. పునఃపరిశీలన పిటిషన్లు కూడా 2025 జనవరిలో త్రోసివేయబడ్డాయి. కాగా ప్రభుత్వము తీర్పులో పేర్కొన్న ప్రకారము 2024లో కేబినెట్ కార్యదర్శి అధ్యక్షతన ఒక కమిటీ వేసింది. అదే సంవత్సరము, అట్టి జంటలను రేషను కార్డులో ఒకే కుటుంబముగా చూడవచ్చుననియు, వారు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరచుటకు ఆటంకము లేదనియు కేంద్రము తెలియజేసింది. 2024 డిసెంబరులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, తండ్రి ఇంటిలో తన ఇష్టమునకు విరుద్ధముగా ఉంచబడిన ఒక వయోజన యువతి తన స్నేహితురాలితో కలిసి జీవించవచ్చునని చెప్పింది. అంటే, మన దేశములో స్వలింగ వివాహము నేటికీ చట్టబద్ధము కాదు. అయినను 2018 సెప్టెంబరు 6 నాటి తీర్పు తరువాత వయోజనుల పరస్పర అంగీకారముతో కూడిన అట్టి సంబంధము నేరము కాదు. ఈ రెండు సంగతులనూ కలిపి చెప్పాలి.

2. రాష్ట్రము యొక్క సమాధానము – ప్రజల స్పందన

విచారణ జరుగుచుండగా కేంద్రము రాష్ట్రముల అభిప్రాయము కోరింది. ఏడు రాష్ట్రములు బదులిచ్చాయి. నాలుగు రాష్ట్రములు మరికొంత సమయము అడిగాయి. రాజస్థాన్, అస్సాంలతో పాటు ఆంధ్రప్రదేశ్ వ్యతిరేకత తెలిపింది. రాష్ట్రములోని వివిధ మతముల పెద్దలను సంప్రదించామని, వారందరూ వ్యతిరేకించారని, అందువలన తామును వ్యతిరేకమని మన రాష్ట్ర ప్రభుత్వము తెలియజేసింది.

ఈ సమాధానము మనకు ముఖ్యము. సాధారణముగా ఏ విషయములోనూ ఏకము కాని మతములు ఈ ఒక్క విషయములో ఏకమైనవి. మత పెద్దల మాట మీద ఒక రాష్ట్రము తన వైఖరిని నిలుపుకొన్నది. మనము క్రైస్తవ బోధకులము; ప్రభుత్వము మత పెద్దలు అన్నప్పుడు మన పేరు కూడా ఆ మాటలో కలిసియున్నది. అట్లయితే మన పేరున చెప్పబడిన దానికి మనము వాక్యమునుబట్టి లెక్క అప్పజెప్పవలసియున్నది.

ప్రజలందరి అభిప్రాయము ఒకటేనా అంటే, కాదు. దేశములో 99.9 శాతము కంటె ఎక్కువ మంది దీనికి వ్యతిరేకమని 2023 ఏప్రిల్‌లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తన తీర్మానములో అన్నది. అదే సంవత్సరము ప్యూ పరిశోధనా సంస్థ ప్రకటించిన సర్వేలో భారతీయులలో 53 శాతము అనుకూలత, 43 శాతము వ్యతిరేకత తెలిపారు. సర్వే వాక్యము కాదు, సంఖ్యను బట్టి సత్యము నిర్ణయము కాదు. కాని “అందరూ మనవలెనే తలంచుచున్నారు” అని సంఘములో చెప్పుట మాత్రము సరికాదు. మన కుర్చీలలో కూర్చున్న యౌవనస్థులే వేరుగా తలంచుచుండవచ్చును.

3. “ఇది విదేశీ వ్యవహారము” అను వాదము

మేము ఎక్కువగా విన్న మాట ఇది: “ఇది మన సంస్కృతి కాదు, బయటి నుండి వచ్చినది.” ఈ వాదమును క్రైస్తవులు చేపట్టేముందు ఒకసారి ఆలోచించాలి.

నిజాంపట్నం వారికి బయటి నుండి వచ్చుట అంటే ఏమిటో బాగుగా తెలుసు. పూర్వము పెటపోలి అని పిలువబడిన ఈ రేవులో 1606లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వ్యాపారము పెట్టారు. స్వలింగ సంపర్కమును నేరముగా ఎంచిన 377వ సెక్షను కూడా ఆ ఇంగ్లీషువారి పాలనలో, 1860 నాటి శిక్షాస్మృతిలో వచ్చినదే. సంబంధము విదేశీయము అనేవారు, శిక్ష కూడా విదేశీయమని ఒప్పుకోవాలి.

ఇంకొక సంగతి. 1842లో హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చిన నాటి నుండి నేటివరకు “విదేశీ మతము” అన్న మాటను మోసినది మనమే. ఆ మాట ఎంత అన్యాయమో మన తాతలకు తెలుసు. ఒక సంగతి ఎక్కడ నుండి వచ్చినదన్నది కాదు, అది సత్యమా కాదా, ప్రేమకు తగునా కాదా అన్నదే మన కొలత. ఇతరులు మన మీద వేసిన రాయిని మనము మరియొకరి మీద వేయరాదు.

మన ప్రాంతములో మరియొక సాక్ష్యము కూడా ఉన్నది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో, నేరస్థ జాతుల చట్టము క్రింద పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేయబడిన కుటుంబములను స్థిరపరచి, సాల్వేషన్ ఆర్మీవారు వారి మధ్య పరిచర్య చేశారు. ఆ చట్టము 1871లో పుట్టినప్పుడు అందులో ఒక భాగము నపుంసకులు అని పిలువబడినవారి పేర్లు నమోదు చేసి కాపలా కాయుటకు ఉద్దేశింపబడినది. హైదరాబాదు రాజ్యములో 1919 నాటి అట్టి చట్టమును తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టివేసింది. స్వాతంత్ర్యానంతరము 1952లో నేరస్థ జాతి అన్న ముద్ర తొలగినను, జనుల నోట అది ఎంతకాలము నిలిచినదో స్టూవర్టుపురము పేరు విన్న మనకు తెలుసు. మనుష్యుని క్రియను తప్పనుట వేరు, మనుష్యునికి ముద్ర వేయుట వేరు.

4. వాక్యము ఏమి చెప్పుచున్నది?

వివాహమును గూర్చి ప్రభువు మాట్లాడినప్పుడు (మత్తయి 19:4–6) ఆదికాండము మొదటి రెండు అధ్యాయములకే వెళ్లాడు. స్త్రీ పురుషుల ఐక్యతయే వివాహమని సంఘము యుగయుగములుగా బోధించినది దీనిని బట్టియే. లేవీయకాండము 18:22, 20:13, రోమా 1:26–27, 1 కొరింథీ 6:9 వచనములను సంఘము ఈ వెలుగులోనే చదివింది. 1 కొరింథీ 6:9లో పౌలు వాడిన ‘అర్సెనోకోయితాయ్’ అను గ్రీకు పదము, లేవీయకాండము యొక్క గ్రీకు తర్జుమాలోని రెండు మాటల కూర్పుగా కనబడుచున్నది. అయితే కొందరు పండితులు ఇది దేవాలయ వ్యభిచారమును, బలాత్కారమును, బాలురను చెరపుటను మాత్రమే నిషేధించినదని అర్థము చెప్పుదురు. మేము మొదటి భావమునే అంగీకరించుచున్నాము. రెండవ భావము చెప్పువారందరూ వాక్యమును త్రోసివేసినవారని మాత్రము మేము అనము.

క్రైస్తవ లోకము దీనిపై చీలియున్నది. 1998 లాంబెత్ సభలో ఆంగ్లికన్ బిషప్పులు అట్టి ఆచరణ లేఖనమునకు సరిపడదన్నారు. అదే తీర్మానములో, స్వలింగ ఆకర్షణ గలవారికి కాపరితనము చేయవలెననియు, వారిపట్ల నిర్హేతుకమైన భయమును ఖండించవలెననియు అన్నారు. గుంటూరు లూథరన్ మిషనుకు వారసత్వ సంబంధము గల అమెరికా ఇవాంజెలికల్ లూథరన్ సంఘము 2009లో అట్టి సంబంధములో జీవించువారిని సేవకు అనుమతించింది. ఆ నాటి పత్రములోనే ఈ విషయమై మనస్సాక్షికి లోబడి వేరువేరు అభిప్రాయములు గలవారు సంఘములో ఉన్నారని ఒప్పుకొన్నది.

ఇక సొదొమ. ఆ వేసవిలో ప్రతి ప్రసంగములోనూ సొదొమ వినబడింది. ఆదికాండము 19లో కనబడునది అతిథుల మీద గుంపు తలపెట్టిన బలాత్కారము. యూదా 7 శరీర పాపమును ఎత్తి చూపుచున్నది, నిజమే. కాని యెహెజ్కేలు 16:49 సొదొమ దోషమును గర్వము, కడుపునిండిన సుఖము, దరిద్రులను ఆదుకొనకపోవుట అని చెప్పుచున్నది. సొదొమను ప్రకటించువారు ఈ వచనమును కూడా చదవాలి. అట్లే రోమా 1వ అధ్యాయములోని పట్టికలో కొండెగాండ్రు, తలిదండ్రులకు అవిధేయులు కూడా ఉన్నారు. ఆ పట్టిక విని తలలూపుచున్నవారి వైపే పౌలు 2:1లో తిరిగి, తీర్పు తీర్చువాడు నిరుత్తరుడని చెప్పుచున్నాడు.

యెషయా 56:3–5లో సంతానము లేని నపుంసకునికి దేవుడు తన మందిరములో చోటును, కుమారుల కంటె శ్రేష్ఠమైన పేరును వాగ్దానము చేశాడు. ఫిలిప్పు ఐతియొపీయునికి బాప్తిస్మమిచ్చినప్పుడు (అపొ. 8) ఆ వాగ్దానము నెరవేరుట ఆరంభమైంది. ఆ వ్యక్తులు నేడు మనము మాట్లాడుచున్నవారు ఒక్కరే అని మేము చెప్పుటలేదు. కుటుంబ వ్యవస్థలో ఇమడనివారికి దేవుని ఇంటిలో చోటున్నదని మాత్రము ఈ భాగములు నిశ్చయముగా చెప్పుచున్నవి.

5. కాపరి ముందున్న అసలు ప్రశ్న

మన గ్రామములలో ఎవరూ ఇద్దరు పురుషుల వివాహము చేయుమని కాపరిని అడుగుటలేదు. అడుగుచున్నది వేరొకటి: అట్టి కుమారునికి త్వరగా ఒక అమ్మాయిని చూచి పెండ్లి చేయుమని.

చాలా ఏండ్ల క్రితము మేము అట్టి పెండ్లి ఒకటి జరిపించాము. పెండ్లికి ముందు ఆ యౌవనస్థుడు మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, నాకు ఈ పెండ్లి వద్దు” అన్నాడు. ఎందుకని అడిగితే తల వంచుకొన్నాడు. మాకు అర్థము కాలేదని చెప్పలేము. “పెండ్లయితే అన్నీ సర్దుకుంటాయి బాబూ” అని ప్రార్థన చేసి పంపాము. మూడు ఆదివారములు ప్రకటన చదివాము. ఎవరికైనా అభ్యంతరమున్న యెడల తెలుపవలెనని సంఘమును అడిగాము. అభ్యంతరము తెలిసినవారము మేమే. సంవత్సరము తిరుగకముందే ఆ అమ్మాయి పుట్టింటికి చేరింది. ఒక దినమున ఆమె మమ్మును ఒకటే ప్రశ్న అడిగింది: “అయ్యగారూ, మీకు ముందే తెలుసా?” ఆ ప్రశ్నకు మేము ఆనాడు జవాబు చెప్పలేకపోయాము.

వివాహము పరిశుద్ధమని స్వలింగ వివాహమును వ్యతిరేకించిన నోటితోనే, ఒక అమాయకురాలి జీవితమును మందుగా వాడి పెండ్లి జరిపించుట వివాహమును అపవిత్రపరచుట కాదా? ఆమె సమ్మతి సత్యము తెలిసిన సమ్మతి కాదు. ఈ పాపమును గూర్చి ఏ మత పెద్దలనూ ప్రభుత్వము అడుగలేదు, మనమును చెప్పలేదు.

కాబట్టి తోటి కాపరులకు మూడు మనవులు. మొదటిది, పెండ్లి ప్రకటనకు ముందు వధూవరులలో ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి, ఇష్టము లేదన్నవారి పెండ్లి ఎంత ఒత్తిడి వచ్చినను జరిపించకూడదు. రెండవది, బిడ్డను కొట్టి, నిర్బంధించి మార్చవచ్చునని తలంచే తలిదండ్రులకు అది మార్గము కాదని చెప్పాలి. ప్రార్థన పేరున జరిగినను హింస హింసయే. మూడవది, ప్రసంగ వేదిక మీద నుండి ఎగతాళి మాట పలుకకూడదు. దానిని వినుచున్నవారిలో ఎవరున్నారో మనకు తెలియదు.

ముగింపు

సంఘము తన వివాహ బోధను నిలుపుకొనుటకు స్వేచ్ఛ కలిగియున్నది. ఆ స్వేచ్ఛను 2023 కేసు తాకలేదు. స్త్రీ పురుషుల ఐక్యతయే క్రైస్తవ వివాహమని మేమును నమ్ముచున్నాము. అయితే యోహాను 8వ అధ్యాయములో ప్రభువు ఆ స్త్రీతో పాపమును గూర్చి మాట్లాడినది రాళ్లు పట్టుకొన్నవారు వెళ్లిపోయిన తరువాతనే. ఈ వరుసను మనము తారుమారు చేయరాదు. రాష్ట్రము అడిగినప్పుడు మత పెద్దలు ఒకే మాటగా జవాబు చెప్పారు. గుడి అరుగు మీద ఏమీ అడగకుండా విన్నవారు ఇంకను మన జవాబు కొరకు కనిపెట్టుచున్నారు.