చెమట చూసి కుంగుబాటును చెప్పొచ్చా?

చేతికి అంటించిన చిన్న ప్యాచ్ ఒత్తిడి హార్మోన్‌ను కొలిచి, మనసుకు జబ్బు చేసిందో లేదో తేల్చగలదా? కొలవడం వరకు ఫరవాలేదు. తేల్చడం దగ్గరే చిక్కంతా.

ఆ హార్మోన్ పేరు కార్టిసాల్. మెదడు నుంచి కబురు అందగానే కిడ్నీల పైనున్న అడ్రినల్ గ్రంథులు దాన్ని రక్తంలోకి వదులుతాయి. కొంత చెమటలోకీ, ఉమ్మిలోకీ చేరుతుంది కనుక సూదితో పనిలేదు.

మరి పట్టుకోవడం ఎలా? సోడియంలా దీనికి విద్యుదావేశం లేదు, నేరుగా కొలుద్దామంటే చిక్కదు. 2018లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఓనుర్ పార్లాక్, అల్బెర్టో సలియో బృందం దొడ్డిదారి కనిపెట్టింది. పాలిమర్ పొర తయారుచేసేటప్పుడే అందులో కార్టిసాల్ కలిపి, తర్వాత కడిగేశారు. సరిగ్గా ఆ అణువు పట్టేంత గుంటలు మిగిలాయి. చెమటలోని కార్టిసాల్ వచ్చి వాటిలో కూర్చుంటే, సోడియంలా విద్యుదావేశమున్న అయాన్లకు దారి మూసుకుపోతుంది. దారి ఎంత మూసుకుందో చూసి కార్టిసాల్ ఎంతుందో లెక్కగడతారు. భలే ఉపాయం!

అయితే అంకె దొరికినా అర్థం దొరకదు. నిద్రలేచిన అరగంట, ముప్పావుగంటకు కార్టిసాల్ బాగా పెరుగుతుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. గట్టిగా పరిగెత్తినా పెరుగుతుంది. ఆస్తమాకు స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే లెక్కలు తారుమారు. తీవ్రమైన కుంగుబాటులో చాలామందికి ఎక్కువగా ఉంటుంది, అందరికీ కాదు.

ఈ ఆశ పాతదే. 1981లో బెర్నార్డ్ కారోల్ బృందం తీవ్ర కుంగుబాటును గుర్తించడానికి ఓ పరీక్షను ప్రతిపాదించింది. రాత్రి డెక్సామెథసోన్ మాత్ర ఇచ్చి, మర్నాడు కార్టిసాల్ చూడాలి. మామూలు మనుషుల్లో అది అణగిపోతుంది. ఈ రోగుల్లో చాలామందికి అణగలేదు. తీరా చూస్తే మతిమరుపు జబ్బులోనూ, తాగుడు మానేటప్పుడూ, బరువు బాగా తగ్గినప్పుడూ అణగడం లేదు! మానసిక వైద్యంలో ఆ పరీక్ష నిలబడలేదు.

అందుకే నా ఓటు ఒక్క అంకెకు కాదు, వారం పది రోజులు రాత్రింబవళ్లు గీసిన గీతకు. ఒకే మనిషిలో మందు మొదలుపెట్టకముందు, పెట్టాక గీత ఎలా మారిందన్నది డాక్టరుకు ఆసరా అవుతుంది. రోగితో మాట్లాడే పని మాత్రం తప్పదు. కార్టిసాల్ అంకె నిజంగా జబ్బును పట్టించే చోటు వేరే ఉంది: కుషింగ్స్ సిండ్రోమ్. అక్కడ కార్టిసాల్ అతిగా ఉండటమే రోగం. రాత్రి పొద్దుపోయాక ఉమ్మిలో చూసే పరీక్ష ఇప్పటికే వాడుకలో ఉంది. ఆ జబ్బు కొందరిలో మొదట కుంగుబాటుగానే బయటపడుతుంది.