ఫ్రైడ్ రైస్‌కు ఏ అన్నం మేలు?

చైనా వారి ఫ్రైడ్ రైస్‌ను ఇంట్లో వండి పిల్లలకు పెట్టవచ్చునా అని తల్లులు నన్ను అడుగుతుంటారు. నిక్షేపంగా పెట్టవచ్చును. నా పట్టింపు సోయాసాస్‌తో కాదు, అన్నంతో.

ఈ వంటకానికి చల్లారి పొడిబారిన అన్నమే కావాలి. వేడి అన్నం బాణలిలో ముద్ద కడుతుంది. అందుకని రాత్రి మిగిలిన అన్నాన్ని గిన్నెలోనే ఉంచి మరునాడు వేయించేవారున్నారు. చిక్కంతా ఇక్కడే. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా నశింపవు. అన్నం గోరువెచ్చగా నిలిచినపుడు అవి వృద్ధిచెంది విషాన్ని పుట్టిస్తాయి. ఆ విషం ఎంత వేయించినా పోదు! తిన్న కొద్ది గంటలలోనే వాంతులు మొదలవుతాయి. 1970లలో బ్రిటన్‌లో చైనా హోటళ్ల ఫ్రైడ్ రైస్ తిన్నవారిలో వైద్యులు దీనిని గుర్తించారు. రాత్రి గడచిన అన్నాన్ని ఆయుర్వేదం పర్యుషితమని పేర్కొని నిషేధించింది. (మజ్జిగ పోసి పులియబెట్టే చల్దన్నం సంగతి వేరు.)

కనుక అన్నాన్ని పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో పలుచగా ఆరబోయండి. ఫ్యాను గాలికి అరగంటలో పొడిపొడిగా అవుతుంది, అప్పుడే వేయించవచ్చును. మరునాటికైతే గంటలోపే ఫ్రిజ్‌లో పెట్టండి. ఇనుప బాణలి బాగా కాగిన పిమ్మట నూనె, అల్లం, వెల్లుల్లి, సన్నగా తరిగిన క్యారెట్, బీన్స్ వేసి పెద్దమంటపై వేయించి, అన్నం కలిపి మిరియాలపొడి చల్లండి. సోయాసాస్‌లోనే ఉప్పు అధికం. వేరే ఉప్పు రుచి చూశాకే. వేయించినది మిగిలితే మరల దాచవద్దు.