కష్టం అందరిదీ... కార్డు కొందరిదే!

సికింద్రాబాదు రైల్వే స్టేషను పక్కనే వున్నది రెజిమెంటల్ బజార్. 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేరున ఈ ఊరు వెలసింది. బ్రిటిష్ పటాలాలు ఇక్కడ మకాం వేశాయి. ఈ పటాలాల బజారు పేరు ఆనాటి జ్ఞాపకమే. 1874లో రైలు వచ్చింది. అప్పటి నుంచి పొట్ట చేతబట్టుకొని పట్నం వచ్చే పల్లె మనిషి ముందుగా కాలు పెట్టే చోట్లలో ఇది ఒకటి.

2020 మార్చిలో ఆ రైళ్లు నిలిచిపోయాయి. కరోనా భయంతో దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. ధనికుడూ, కూలీ అందరూ ఇంట్లోనే వుండాలన్నారు. ఉత్తర్వు అందరికీ ఒక్కటే. కాని ఇల్లు లేనివాడు ఎక్కడ వుండాలి? ఏ పూట కూలి ఆ పూట తినేవాడు ఏమి తినాలి?

కార్డున్న వారు, లేనివారు

ఆహార భద్రత కార్డు వున్న కుటుంబాలలో మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం మార్చి 22న ప్రకటించింది. ఇతర రాష్ట్రాల కూలీలకు 12 కిలోల బియ్యం లేక పిండి, మనిషికి 500 రూపాయలు ఇస్తామన్న మాట మరి కొన్ని రోజుల తరువాత వచ్చింది. సాయం మంచిదే. అయితే అది అందాలంటే ముందుగా ఏదో ఒక జాబితాలో పేరుండాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య రేషన్ కార్డు చెల్లుబాటు 2019 ఆగస్టులోనే మొదలయింది. కర్నూలు మనిషి తన కార్డుతో ఇక్కడ బియ్యం తీసుకోవచ్చు. ఒడిశా, బీహారు మాత్రం 2020 మార్చి నాటికి ఈ ఏర్పాటులో చేరలేదు. అక్కడి కూలీ కార్డు అప్పట్లో అతని ఊళ్లోనే చెల్లేది, ఆకలి మాత్రం అతని వెంటే వచ్చింది.

మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హతియాకు సుమారు 1,200 మంది కూలీలతో ఒక రైలు బయలుదేరింది. దేశంలో మొదటి శ్రామిక్ రైలు అదే. అప్పటికే ఎందరో నెత్తిన మూట పెట్టుకొని కాలినడకన దారి పట్టారు.

చట్టం ఏమంటున్నది?

లాక్‌డౌన్‌కు ఆధారంగా తీసుకున్న చట్టాలు రెండు. 1897 నాటి అంటువ్యాధుల చట్టం ప్రభుత్వానికి అధికారాలు ఇచ్చింది కాని, సమానత్వం మాట ఎత్తలేదు. 2005 విపత్తుల నిర్వహణ చట్టం ఎత్తింది. సహాయం, నష్టపరిహారం ఇచ్చేటప్పుడు స్త్రీ పురుష భేదం, కులం, వర్గం, వంశం, మతం చూడరాదని దాని 61వ సెక్షను చెబుతున్నది. విపత్తులలో వికలాంగులకు సమాన రక్షణ వుండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షను చెబుతున్నది.

మరి లోపం ఎక్కడ? "నీ కులం తక్కువ, బియ్యం లేదు" అంటే అది వివక్ష అని ఎవరికైనా తెలుస్తుంది. "కార్డు తెచ్చిన వారందరికీ బియ్యం" అంటే వినడానికి న్యాయంగానే వుంటుంది. కాని కార్డు లేనివారు ఎక్కువగా ఎవరు? ఊరు విడిచినవారు, ఇల్లు విడిచినవారు. అందరికీ ఒకటే నియమం పెట్టినా కొందరినే దెబ్బ తీస్తే అదీ వివక్షేనని సుప్రీంకోర్టు 2021 మార్చి 25న సైన్యంలోని మహిళా అధికారుల కేసులో తేల్చింది. దీనినే పరోక్ష వివక్ష అంటారు.

ఆలస్యంగా అందిన న్యాయం

హిజ్రాల సంగతి ఇందుకు ఉదాహరణ. ఇంటి నుంచి గెంటివేయబడిన వారి పేరు తల్లిదండ్రుల కార్డులో వుంటే వుండవచ్చు, లేదా ఎక్కడా వుండకపోవచ్చు. భిక్షాటన, పెళ్లిళ్ల మామూళ్లు లాక్‌డౌన్‌తో ఆగిపోయాయి. తమకు రేషన్, మందులు, వైద్యం అందించాలని 2020లో తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది.

అదివరకే మరో వ్యాజ్యం నడుస్తున్నది. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించి, ఆడవేషంలో వీధిలో ఆడినా పాడినా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చునన్న నిజాం కాలపు చట్టం, 1329 ఫస్లీ నాటిది, అప్పటికీ పుస్తకంలో వున్నది. 2023 జూలైలో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. ఆసరా పింఛను వీరికీ వర్తింపజేయాలని ఆదేశించింది. తీర్పు గొప్పదే. కాని ఆకలి 2020లో, తీర్పు 2023లో!

వలస కూలీల విషయమూ అంతే. సుప్రీంకోర్టు 2020 మే 26న తనంత తానే కేసు చేపట్టి, రెండు రోజులకే కూలీల నుంచి రైలు చార్జీ తీసుకోరాదన్నది. అసలు తీర్పు మాత్రం 2021 జూన్ 29న వచ్చింది. కార్డు లేని వలస కూలీలకూ ధాన్యం ఇవ్వాలనీ, దేశమంతటా ఒకే కార్డు పద్ధతిని జూలై 31లోగా అమలు చేయాలనీ అందులో ఆదేశించింది. వలస కూలీలకు పాసుపుస్తకం, ప్రయాణ భత్యం ఇవ్వాలని 1979లోనే చట్టం వున్నా, సరైన జాబితాలు లేక కష్టకాలంలో అక్కరకు రాలేదు.

పల్లెవాసులు మరువరానివి

పాలమూరు నుంచి బొంబాయి దాకా వలసలు మన జిల్లాలకు కొత్త కాదు. బయలుదేరే ముందు కొన్ని జాగ్రత్తలు అవసరం. రేషన్ కార్డు నంబరు వెంట వుండాలి. ఇంట్లో అందరి పేర్లూ కార్డులో వున్నాయో లేదో చూసుకోవాలి. ఒకే కార్డు పద్ధతి కింద వేరే రాష్ట్రంలోని చౌకధరల దుకాణంలోనూ వేలిముద్ర వేసి తమ వాటా బియ్యం తీసుకోవచ్చు. అసంఘటిత కార్మికులు 2021 ఆగస్టులో మొదలయిన ఈ-శ్రమ్‌లో ఉచితంగా పేరు నమోదు చేయించుకోవాలి.

ఇంకొకటి. వరద, కరువు, భూకంపం వంటి విపత్తులలో నష్టపోయిన వారికి 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షను ప్రకారం ఉచితంగా వకీలును ఇస్తారు. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి మామూలు రోజులలోనూ ఈ హక్కు వున్నది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వితే ఏమి లాభమని పెద్దలు అంటారు. వచ్చే విపత్తు ఎప్పుడో ఎవరికీ తెలియదు. జాబితాలో పేరు చూసుకోవలసింది మాత్రం ఇప్పుడే.